కొమ్ముపురుగు కడుపులో బాక్టీరియా, వరి దుబ్బులో బూజు

కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో రైతులు, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం.

అందరికీ నమస్కారమండి. దాళ్వా ఊడ్పులు జోరుగా సాగుతున్న రోజుల్లో ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. ముందు వరసలో ఉన్న పిల్లలకి ఈ సంగతి చదువులో పనికొస్తుంది, వెనక ఉన్న రైతులకి చేలో పనికొస్తుంది. నా మాట అర్థం కాని చోట అక్కడికక్కడే ఆపి అడగండి.

మన వీధుల్లో పశువులున్న ప్రతి ఇంటి వెనకా పెంటకుప్ప ఉంటుంది. తొలకరికి ముందు ఆ పెంట బండికెత్తుతుంటే పార దిగిన చోటల్లా తెల్లటి లావుపాటి పురుగులు ముడుచుకుని పడుంటాయి. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగు పిల్లలవి. మొవ్వు విచ్చుకున్నాక ఆకులు కత్తెరేసినట్టు కనిపిస్తాయే, అది పెద్ద పురుగు చేసిన పని. అందుకే ఈ పిల్లలు కనబడగానే కోళ్లకి వేస్తాం, లేకపోతే కాలికింద నలిపేస్తాం. కొబ్బరి రైతు అంతకంటే ఏం చేస్తాడు?

ఈసారి నలిపేముందు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. తల గోధుమరంగులో గట్టిగా ఉంటుంది. ఒళ్లు మీగడ రంగు. వెనకభాగం మాత్రం ఉబ్బి, బూడిదరంగు తిరిగి, నల్లగా కూడా కనిపిస్తుంది. అక్కడ చర్మం ఎంత పల్చనంటే లోపలి సరుకు బయటికి తెలిసిపోతుంది. అది పేగు చివరి భాగం, ఒక సంచిలాగా పెరిగి ఉంటుంది. పురుగు తిన్న పేడా, కుళ్లిన పీచూ అక్కడ చేరి పులుస్తాయి. పులియబెట్టేది పురుగు కాదు, ఆ సంచిలో కాపురమున్న బాక్టీరియా. ఒక్క గ్రాము సరుకులో అవి కోట్లకొద్దీ ఉంటాయి.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ పురుగు తినేది ఏమిటి? కుళ్లుతున్న పెంట. బూజు లేని పెంటకుప్పని మీలో ఎవరైనా చూశారా? ప్రతి ముద్దతోపాటు వేలాది బూజు బీజాలు దాని కడుపులోకి పోతాయి. లోపల తడి ఉంది, తిండి ఉంది. బూజు పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా నెలల తరబడి ఆ పురుగు కడుపు బూజుపట్టకుండా ఉంటుంది. ఎందుకని?

కారణం ఒకటి కాదు. దాని మధ్యపేగు బాగా క్షారంగా ఉంటుంది, చాలా బీజాలకి అది పడదు. రెండోది, పురుగులకి సొంత రక్షణ ఉంది. స్వీడన్లో హాన్స్ బోమన్ బృందం 1981లో ఒక పెద్ద పట్టుచిమ్మట రక్తంలోంచి సెక్రోపిన్లు అనే పెప్టైడ్లని, అంటే అమైనో ఆమ్లాలు గుచ్చిన చిన్న గొలుసుల్ని, వేరుచేసి చూపించింది, అవి బాక్టీరియాని చంపేవి. 1994లో పండ్ల ఈగలో బూజుని ఆపే డ్రోసోమైసిన్ దొరికింది. ఆ ఈగ బూజుని ఎలా పసిగట్టి ఈ పెప్టైడ్ చేస్తుందో తేల్చిన జూల్స్ హాఫ్‌మన్‌కి 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. అవన్నీ పురుగు తన ఒంట్లో తాను చేసుకునేవి. నేను ఈరోజు చెప్పదలచుకున్నది మూడో కారణం గురించి. పురుగు కడుపులో అద్దెకున్న బాక్టీరియా తన సొంత అవసరానికి చేసుకునే పెప్టైడ్ల గురించి.

సొంత అవసరం అనే మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ బాక్టీరియాకి పురుగు మీద ప్రేమేమీ లేదు. అదే సంచిలో అదే తిండి కోసం బూజు కూడా పోటీకొస్తుంది, దాన్ని గెంటెయ్యాలి, అంతే. దానివల్ల పురుగు బాగుపడితే అది పక్క లాభం. మనం దాన్ని చేలోకి తెచ్చుకుంటే వరి బాగుపడటం కూడా పక్క లాభమే. ఈ సంగతి మరిచిపోయి "మిత్ర బాక్టీరియా, మిత్ర బాక్టీరియా" అని పాట పాడితే తర్వాత దెబ్బతింటాం. ఎలాగో చివర్లో చెబుతాను.

పురుగుల పేగుల్లో తరచుగా దొరికే బాక్టీరియాలో బాసిల్లస్ జాతి ఒకటి. మట్టిలో ఉంటుంది, పేడలో ఉంటుంది, తిండితోపాటు లోపలికెళుతుంది. పరిస్థితి బాగోలేకపోతే గట్టి పెంకున్న బీజంగా మారి పడుకుంటుంది, ఆ క్షారం కూడా దాన్ని ఏమీ చెయ్యలేదు. దీనిలో కొన్ని రకాలు మూడు కుటుంబాల పెప్టైడ్లు చేస్తాయి: ఇటురిన్, ఫెంజిసిన్, సర్ఫాక్టిన్. ఇటురిన్ పేరు ఆఫ్రికాలో కాంగో దేశపు ఇటూరి ప్రాంతం నుంచి వచ్చింది. ఆ మట్టిలో దొరికిన బాసిల్లస్ నుంచి దాన్ని మొదట తీశారు. సర్ఫాక్టిన్‌ని జపాను వాళ్లు 1968లో ప్రకటించారు, ఫెంజిసిన్ 1986లో బయటపడింది.

ఈ మూడింటికీ ఆకారం దాదాపు ఒకటే. కొన్ని అమైనో ఆమ్లాలు చేతులు కలిపి గుండ్రంగా నిలబడతాయి. ఇటురిన్లో ఏడు, సర్ఫాక్టిన్లో ఏడు. ఫెంజిసిన్లో పది ఉంటాయి, వాటిలో ఎనిమిది వలయంగా ఉంటాయి. వలయానికి ఒక పొడవాటి కొవ్వు ఆమ్లం తోక ఉంటుంది. ఒక వైపు నీళ్లకి అలవాటైన తల, మరో వైపు కొవ్వుకి అలవాటైన తోక. పని జరిగేదంతా ఈ జోడింపు వల్లనే.

పిల్లలూ, మీ పుస్తకంలో ప్రోటీన్ ఎలా తయారవుతుందని రాశారు? డీఎన్ఏ మీద రాత, దానికి ఆర్ఎన్ఏ నకలు, ఆ నకలు చదివి రైబోజోమ్ అమైనో ఆమ్లాలు కూర్చడం. ఈ పెప్టైడ్లు అలా తయారుకావు. వీటిని రైబోజోమ్ ముట్టుకోదు. దీనికోసం బాక్టీరియా దగ్గర చాలా పెద్ద ఎంజైములు ఉంటాయి, ఒక్కో ఎంజైములో వరసగా చిన్నచిన్న భాగాలు. కాలవ గట్టు మీద బారుగా నిలబడి కొబ్బరికాయలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందిస్తూ పడవ నింపుతారే, అలా. ఒక్కో భాగం తన వంతు అమైనో ఆమ్లాన్ని పట్టుకుని, తన దాకా వచ్చిన గొలుసుకి తగిలించి, పక్కదానికి అందిస్తుంది. చివరి భాగం గొలుసుని వలయంగా ముడేసి వదిలేస్తుంది. ఇది ఖర్చుతో కూడిన పని. బాసిల్లస్ వెలెజెన్సిస్‌లో శాస్త్రవేత్తలు బాగా పరిశోధించిన ఒక రకం ఉంది, దాని జీనోములో, అంటే మొత్తం జన్యువుల రాతలో, ఎనిమిది శాతానికి పైగా ఇలాంటి పదార్థాలు తయారు చెయ్యడానికే కేటాయించుకుంది. ఒంటి కణం జీవి తన ఆస్తిలో అంత భాగం దీనికే పెట్టుకుందంటే దాని బతుకులో ఇది ఎంత ముఖ్యమో మీరే ఆలోచించండి.

రైబోజోమ్‌ని పక్కనపెట్టడం వల్ల దానికో గొప్ప లాభం వచ్చింది. మన ఒంట్లోనూ, వరిలోనూ, పురుగులోనూ ప్రోటీన్లలో వాడే అమైనో ఆమ్లాలు ఎడమచేతి వాటం. అద్దంలో బొమ్మలా వాటికే కుడిచేతి వాటం రూపాలూ ఉంటాయి, మామూలు ప్రోటీన్లలో అవి కూర్చోవు. ఈ పెద్ద ఎంజైములు మాత్రం రెండూ కలిపి కూరుస్తాయి. పురుగు పేగునిండా ప్రోటీన్లని కోసేసే జీర్ణరసాలు ఉంటాయి. ఆ రసాలు ఎడమచేతి గొలుసుల్ని, అందులోనూ కొసలు విడిగా ఉన్నవాటిని సులువుగా కోస్తాయి. ఇక్కడేమో కొస లేదు, వలయం. మధ్యమధ్యలో కుడిచేతి వాటం ముక్కలు. రసం పట్టుకోలేదు. అందుకే అన్నీ జీర్ణమైపోయే చోట కూడా ఈ పెప్టైడ్ చెక్కుచెదరదు. ప్రయోగశాలలో వీటిని మరిగే నీళ్ల వేడికి గురిచేసినా చాలావరకు పని చేస్తూనే ఉంటాయి. నేను ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఎంత దూరమైనా వెళతానండి, ఇంత చిన్న జీవి ఇంత సూక్ష్మమైన ఉపాయం పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయమే.

సరే, బూజు దగ్గరికి వద్దాం. వరిలో మీకు బాగా తెలిసింది పాముపొడ. నీళ్ల మట్టం దగ్గర మట్ట మీద మచ్చ మొదలై, పాము చర్మం మీద పొడల్లాగా పైకి పాకుతుంది. దానికి కారణం రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రం. ఆవగింజంత గోధుమరంగు గట్టి ముద్దలు మట్టిలో పడి ఉండి, దమ్ము చేశాక నీళ్ల మీద తేలి దుబ్బుని పట్టుకుంటాయి. మార్టేరు పరిశోధన స్థానం 1982లో స్వర్ణ ఇచ్చింది, తర్వాత ఇంకా ఎన్నో మంచి రకాలు ఇచ్చింది. కానీ పాముపొడని పూర్తిగా తట్టుకునే వరి రకం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. అందుకే మందు కొట్టక తప్పడం లేదు.

శిలీంధ్రం తంతువు చుట్టూ బయట గట్టి గోడ, లోపల కొవ్వుతో చేసిన పల్చటి పొర ఉంటాయి. మన కణాల పొరలో కొలెస్ట్రాల్ ఉన్నట్టే శిలీంధ్రం పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఇటురిన్ తోక ఆ పొరలోకి దిగుతుంది, స్టెరాల్‌తో జతకడుతుంది, ఇంకొన్ని ఇటురిన్లు వచ్చి చేరతాయి, సన్నటి రంధ్రాలు పడతాయి. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. ఫెంజిసిన్ పద్ధతి కొంచెం వేరు, పొరలో కొవ్వుల వరస చెదరగొట్టి పొరని వంకర తిప్పేస్తుంది. దారాల్లాగా పెరిగే బూజుల మీద దాని దెబ్బ గట్టిగా ఉంటుంది, ఈస్టుల మీద అంతగా ఉండదు. సర్ఫాక్టిన్ ఒక్కటే అయితే బూజుని పెద్దగా ఏమీ చెయ్యదు. కానీ నీటి ఉపరితల తన్యతని మీటరుకి 72 మిల్లీన్యూటన్ల నుంచి 27 దాకా దింపేస్తుంది, బాక్టీరియాని పాకిస్తుంది, ఇటురిన్‌కి తోడొస్తే దాని బలం పెంచుతుంది. మొక్కకి కూడా సర్ఫాక్టిన్, ఫెంజిసిన్ తగిలితే తన రక్షణ తాను మేల్కొల్పుకుంటుందని చిక్కుడు, టొమాటో మొక్కల్లో చూపించారు.

సూక్ష్మదర్శిని కింద ఇది కళ్లారా చూడొచ్చు. ఆరోగ్యంగా ఉన్న రైజోక్టోనియా తంతువు నిటారుగా, సమానమైన మందంతో పోతుంది, కొమ్మ చీలిన చోట సుమారు సమకోణంలో చీలుతుంది, అక్కడ చిన్న నొక్కు ఉంటుంది. అదే దాని ఆనవాలు. బాక్టీరియా వైపున్న అంచులో మాత్రం తంతువులు ఉబ్బి, కొసలు బుడగల్లా తేలి, అడ్డదిడ్డంగా కొమ్మలేసి కనిపిస్తాయి. కొన్నిచోట్ల లోపలి సరుకు కారిపోయి ఖాళీ గొట్టం మిగులుతుంది. నిలబడి చూస్తుంటే ఒక గొట్టంలో కణద్రవం ముందుకి పోవడం ఆగిపోతుంది. పిల్లలూ, మీరొచ్చి ఒకసారి ఆ కటకంలోంచి చూడండి, పుస్తకంలో పది పేజీలు చదివినా అంత తెలియదు.

ఆ బాక్టీరియాని ఎలా పట్టుకుంటాం? పురుగుని కాసేపు చల్లబెట్టి, ఒళ్లంతా 70 శాతం ఆల్కహాలుతో తుడిచి, శుభ్రమైన నీళ్లతో కడుగుతాం. ఆఖరిసారి కడిగిన నీళ్లు కూడా ఒక పళ్లెంలో పోసి చూడాలి. అందులో ఏదైనా మొలిస్తే మనకి దొరికింది కడుపులోది కాదు, చర్మం మీది మురికి. తర్వాత పేగు విప్పి, నూరి, ఆ రసాన్ని పది నిమిషాలు 80 డిగ్రీల వేడిలో పెడతాం. మామూలు బాక్టీరియా చచ్చిపోతుంది, బాసిల్లస్ బీజాలు మిగులుతాయి. వాటిని మొలకెత్తించి, బంగాళాదుంప రసం కలిపిన అగార్ జెల్లీ పళ్లెంలో ఒక పక్క గీస్తాం, రెండో పక్క బూజు ముక్క పెడతాం. బూజు పాకుతూ వచ్చి ఒక గీత గీసినట్టు ఆగిపోతే మనకి ఆశ పుడుతుంది.

ఆశ మాత్రమేనండి. ఆ ఖాళీ జాగా చూసి "పెప్టైడ్ దొరికింది" అని చప్పట్లు కొట్టకూడదు. బాక్టీరియా పుల్లదనం పెంచినా బూజు ఆగుతుంది. ఇనుము లాగేసుకున్నా ఆగుతుంది. బూజు గోడని కోసే కైటినేజ్ ఎంజైము వదిలినా ఆగుతుంది. కాబట్టి బాక్టీరియాని వడగట్టేసి ఒట్టి ద్రవంతో చూస్తాం, ఆ ద్రవాన్ని మరిగించి చూస్తాం. మరిగిస్తే ఎంజైము పాడవుతుంది, ఈ పెప్టైడ్లు నిలబడతాయి. ఆమ్లం కలిపి పీహెచ్ రెండుకి దింపితే అవి తెల్లటి మడ్డిలా అడుగుకి దిగుతాయి. దాన్ని మిథనాల్లో కరిగించి, ద్రవ్యరాశి యంత్రంలో తూస్తే సర్ఫాక్టిన్, ఇటురిన్ వెయ్యి డాల్టన్ల (అణువుల బరువుకి కొలత) చుట్టుపక్కల, ఫెంజిసిన్ 1,400 దాటి పలుకుతాయి. అక్కడిదాకా వచ్చాకే మాట్లాడాలి.

చెప్పండి బాబాయ్ గారూ, ఏదో అడగబోయారు?

"ఆ పురుగుల్ని నూరి, నీళ్లలో కలిపి చేలో కొట్టేస్తే సరిపోదా మాస్టారూ? మా పెంటకుప్పలో బుట్టలకొద్దీ ఉన్నాయి."

మంచి ప్రశ్న అడిగారండి, దీనికోసమే వచ్చాను. వద్దు, దయచేసి అలా చెయ్యొద్దు. పురుగు కడుపులో బాసిల్లస్ సబ్టిలిస్, వెలెజెన్సిస్ ఉన్నట్టే బాసిల్లస్ సీరియస్ కూడా ఉండొచ్చు. అన్నం పాచిపోయినప్పుడు వాంతులు పట్టించేది అదే. ఆ వాంతుల విషం కూడా వలయంగా ఉండే పెప్టైడ్ జాతిదే, వేడికి చావదు. నేను ఇందాక మెచ్చుకున్న గుణాలన్నీ దానికీ ఉన్నాయి. ఇంకా సెరాషియా అనే ఎర్రటి బాక్టీరియా పురుగుల్లో మామూలు, నీరసంగా ఉన్న మనిషికి అది జబ్బు చేస్తుంది. ఇటురిన్, సర్ఫాక్టిన్ కూడా ఎక్కువ మోతాదులో మన ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టగలవు. సర్ఫాక్టిన్ చేసే బాక్టీరియాని గుర్తుపట్టడానికి మేం రక్తం కలిపిన పళ్లేలే వాడతాం. కాబట్టి ఏ రకం అన్నది తేలి, దాని జీనోము చదివి, విషం చేసే జన్యువులు లేవని చూసి, జంతువుల మీద పరీక్ష అయ్యాకే అది చేలోకి రావాలి.

ఇది కొత్త దారి కాదని కూడా చెప్పాలి. మీరు పాముపొడకి కొట్టే వాలిడామైసిన్, అగ్గితెగులుకి కొట్టే కాసుగామైసిన్ రెండూ జపానులో స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా నుంచి తీసినవే. బాక్టీరియా చేసిన మందు మీ చేలో ఎప్పుడో దిగింది. తేడా ఏమిటంటే అవి పెప్టైడ్లు కావు, పురుగు కడుపులోవీ కావు.

పురుగుల లోకంలో ఇలాంటి పొత్తులు చాలా ఉన్నాయి. బూజుని సాగుచేసే ఒక జాతి చీమల ఒంటి మీద ఉండే బాక్టీరియా డెంటిజెరుమైసిన్ అనే వలయపు పెప్టైడ్ జాతి పదార్థం చేసి, చీమలు పెంచుకునే బూజుతోటలో కలుపు బూజుని ఆపుతుందని 2009లో తేల్చారు. మన పుట్టల్లో చెదలు కూడా బూజుని సాగుచేస్తాయి. తొలకరికి పుట్ట మీద లేచే పుట్టకొక్కులు ఆ సాగు పంటే. దక్షిణాఫ్రికాలో అలాంటి చెదల కడుపులో బాసిల్లస్ దొరికింది, అది బాసిల్లీన్ అనే పదార్థంతో కలుపు బూజుల్ని అణుస్తుంది, అది పూర్తిగా పెప్టైడ్ కాదు. పొగాకు లద్దెపురుగు దగ్గరి చుట్టం ఒకటుంది, దాని పేగులో ఎంటెరోకాకస్ అనే బాక్టీరియా ఒకటి ముండ్టిసిన్ అనే పెప్టైడ్ చేస్తుంది. అయితే దాని దెబ్బ పోటీ బాక్టీరియా మీదే, బూజు మీద కాదు. పెప్టైడ్ అనగానే బూజు చస్తుందనుకోకూడదని ఇందుకే అంటాను.

ఇప్పుడు మన కోనసీమకి ప్రత్యేకంగా సంబంధించిన చిక్కు. కొమ్ముపురుగుని అణచడానికి పెంటకుప్పల్లో మెటారైజియం అనే బూజు కలపమని శాస్త్రవేత్తలు చెబుతారు. అది పురుగుకి పట్టి చంపి, శవం మీద ఆకుపచ్చటి పొడిలా లేస్తుంది. మంచి పద్ధతి, నేనూ సమర్థిస్తాను. కానీ చూడండి, వరిచేలో బూజు మనకి శత్రువు, కొబ్బరితోటలో ఈ బూజు మనకి చుట్టం. బూజుని ఆపే బాక్టీరియా వరికి మేలు చేస్తే, కొబ్బరితోటలో మెటారైజియానికి అడ్డం పడొచ్చు. ఎడారి మిడతల మీద చేసిన పని ఉంది. కడుపులో బాక్టీరియా లేకుండా పెంచిన మిడతల పేగులో మెటారైజియం పెరిగింది, మామూలు మిడతల పేగులో పెరగలేకపోయింది. అక్కడ అడ్డుకున్నవి పెప్టైడ్లు కావు, బాక్టీరియా చేసిన ఫినాలు జాతి పదార్థాలు. ఇంకోవైపు 2017లో మలేరియా దోమ మీద చేసిన పనిలో తిరగబడ్డ కథ కనిపించింది. బవేరియా అనే, పురుగుల్ని చంపే బూజు పట్టిన దోమల్లో కడుపులోని సెరాషియా పెరిగిపోయి, పేగు దాటి రక్తంలోకి పోయి, దోమని ఇంకా తొందరగా చంపింది. అదే కడుపు, అదే రకం కాపురస్తులు. ఒకసారి పురుగుని కాపాడతాయి, ఒకసారి చంపడానికి బూజుకి సాయపడతాయి. ఇందాక నేను ప్రేమ లేదన్నది ఇందుకే.

అందుకని నా విన్నపం: పేగులోంచి తీసిన బూజు విరోధి బాక్టీరియాని ఎంత మంచిదైనా పెంటకుప్పల్లో కుమ్మరించకండి. అది మెటారైజియం చోటు. వరిలో వాడదలిస్తే వరి దుబ్బు మొదట్లో, విత్తనం మీద, నారుమడిలో వాడాలి. పళ్లెంలో రాజులా నిలబడ్డ బాక్టీరియా చేలో చతికిలపడటం మామూలే. పేగు సంచిలో అది చిక్కగా ఉంటుంది, పెప్టైడ్ కారిపోదు. చేలో నీళ్లు పారతాయి, ఎండ బాక్టీరియాని చంపుతుంది, వాన కడిగేస్తుంది. దుకాణంలో సీసా కొనేటప్పుడు మీద జాతి పేరు, రకం పేరు, గ్రాముకో మిల్లీలీటరుకో ఎన్ని బతికున్న కణాలున్నాయో, ఎప్పటిదాకా పనిచేస్తుందో రాసుందా అని చూడండి. రాయని సీసా తిరిగిచ్చేయండి. సాయంత్రం పూట కొట్టండి. బాక్టీరియాని చంపే మందులతో కలపకండి, బాసిల్లస్ కూడా చచ్చిపోతుంది.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా.

"రసాయన మందులకి బూజు అలవాటుపడినట్టు దీనికి కూడా అలవాటుపడదా సార్?"

పడదని నేను చెప్పలేనమ్మా. చాలా రసాయన మందులు బూజులో ఒక ప్రోటీన్‌ని ఒక చోట పట్టుకుంటాయి, ఆ ఒక్క చోటు మారితే చాలు, మందు పనిచెయ్యదు. పొర మొత్తం మార్చుకోవడం బూజుకి అంత తేలిక కాదు, అందుకే ఆలస్యమవుతుంది. కానీ పొరలో కొవ్వుల పాళ్లు ఒక్కో బూజులో ఒక్కోలా ఉంటాయి, కొన్ని ఇప్పటికే మిగతావాటికంటే బాగా తట్టుకుంటాయి. అందుకే ఒక్క పెప్టైడ్ చేసే రకం కాకుండా ఇటురిన్, ఫెంజిసిన్, సర్ఫాక్టిన్ మూడూ చేసే రకాన్ని ఎంచుకుంటాం. ఆ మూడు కూడా పొర మీదే పనిచేస్తాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోం. గట్ల మీద గడ్డి తీయించాలి, ఎందుకంటే పాముపొడ అక్కడినుంచి కూడా చేలోకి దిగుతుంది. యూరియా ఒక్కసారే దంచకుండా విడతలుగా వెయ్యాలి. ఊడ్పు మరీ ఒత్తుగా వెయ్యకూడదు, దుబ్బుల మధ్య గాలి ఆడాలి. రేపు ఆదివారం మీ నాన్నగారి చేలో నీళ్ల మట్టం దగ్గర మట్టలు విప్పి చూసి, మచ్చ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి కాగితంలో చుట్టి కాలేజీకి తీసుకురా. సోమవారం ఇద్దరం సూక్ష్మదర్శిని కింద పెట్టి చూద్దాం.